యంత్రమునకు ముందు ఉపాధ్యాయుడు
(పల్లె బడులలో కంప్యూటరు విద్యను గూర్చి)

కంప్యూటరు విద్య అనగానే మనకు మొదట స్ఫురించునది యంత్రము. ఎన్ని యంత్రములు వచ్చినవి, ఏ గదిలో పెట్టినారు, కరెంటు ఉన్నదా, తాళము ఎవరి వద్ద ఉన్నది అనునవే మన ప్రశ్నలు. ఆ గదిలో నిలిచి పాఠము చెప్పవలసినవారు ఎవరు, వారికి ఎవరు నేర్పినారు, సందేహము కలిగినప్పుడు వారు ఎవరిని అడుగవలెను అను ప్రశ్నలు చివర వచ్చును. ఒక్కొక్కప్పుడు అసలే రావు. ఈ వ్యాసమున మేము ఆ చివరి ప్రశ్నలను ముందునకు తెచ్చి విచారింపదలచినాము.

మేము కంప్యూటరు శాస్త్రము చదివినవారము కాము, తెలుగు బోధించువారము. అయినను మన విద్యార్థులలో పలువురు రేపు డి.ఎడ్., బి.ఎడ్. పూర్తిచేసి పల్లె బడులకు ఉపాధ్యాయులుగా వెళ్ళువారే. మన కళాశాల చుట్టునున్న తెలుగు, ఉర్దూ పాఠశాలల మంచిచెడ్డలు మనకు పట్టినవే. కావున ఈ విషయము మనది కాదని త్రోసివేయుటకు వీలులేదు.

యంత్రములు వచ్చిన చరిత్ర

మన దేశమున పాఠశాలలకు కంప్యూటరు వచ్చి నలువది సంవత్సరములు దాటినది. 1984లో కేంద్ర ప్రభుత్వము 'క్లాస్' అను పేర ఒక ప్రయోగ పథకమును ప్రారంభించి, తొలి విడతగా సుమారు 250 పాఠశాలలకు బి.బి.సి. మైక్రో అను చిన్న కంప్యూటర్లను ఇచ్చినది. ఆ యంత్రము బ్రిటనులో 1981లో వెలువడినది. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. నేడు మనము చేతి ఫోనుతో తీయు ఒక్క ఛాయాచిత్రము కూడ దానిలో పట్టదు. 2004 డిసెంబరులో కేంద్రము పాఠశాలలకు సమాచార సాంకేతిక విద్య నిమిత్తము మరియొక పెద్ద పథకమును ఆరంభించినది. ఆ పథకము క్రింద 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 5000 ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు గదులు ఏర్పడినవి. ప్రయివేటు సంస్థలు ఆ గదులను నెలకొల్పి, 5 సంవత్సరములు నడిపి, పిదప బడికి అప్పగింపవలెనన్నది ఏర్పాటు. బోధకులను కూడ ఆ సంస్థలే ఒప్పందముపై పెట్టుకొన్నవి. గడువు తీరిన పిమ్మట యంత్రము బడికి మిగిలినది. దానిని నడుపు మనిషి మిగులలేదు.

ఇటీవలి ఘట్టము మన ప్రాంతముననే జరిగినది. 2022 డిసెంబరు 21న యడ్లపల్లిలో 8వ తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీని రాష్ట్ర ప్రభుత్వము ప్రారంభించినది. ఆ గ్రామము పూర్వము గుంటూరు జిల్లాకు చెందినది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినది. నాటి లెక్క ప్రకారము 4,59,564 మంది విద్యార్థులకును, 59,176 మంది ఉపాధ్యాయులకును ట్యాబులు ఉద్దేశింపబడినవి. ఆ తరువాత పలు ఉన్నత పాఠశాలల తరగతి గదులలో గోడకు పెద్ద తెరలు కూడ అమర్చినారు.

వీనిలో దేనినీ మేము తక్కువ చేయుట లేదు. 2023-24 సంవత్సరపు యూడైస్ ప్లస్ నివేదిక ప్రకారము దేశములోని పాఠశాలలలో పనిచేయు కంప్యూటర్లు గలవి 57.2 శాతము, ఇంటర్నెట్టు గలవి 53.9 శాతము. పేదవాని బిడ్డ చేతికి ఒక పరికరము వచ్చుట చిన్న విషయము కాదు. కాని ఈ నలువది సంవత్సరముల కథలో ఒక్క పోలిక మరల మరల కనిపించును. యంత్రమునకు లెక్క ఉన్నది, బిల్లు ఉన్నది, ప్రారంభోత్సవము ఉన్నది. ఉపాధ్యాయునకు మాత్రము రెండు దినముల శిక్షణయు, ఒక సంతకమును మిగిలినవి.

వాడుక వేరు, శాస్త్రము వేరు

తెరపై పాఠము చూచుట, అక్షరములు కొట్టుట, బొమ్మకు రంగు వేయుట కంప్యూటరు వాడుక. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఆ మెట్లను తప్పులేని వరుసలో పెట్టి, ఆ వరుసను యంత్రమైనను నడుపగలుగునట్లు చెప్పుట కంప్యూటరు శాస్త్రము. మొదటిది ఫోను చేతబట్టిన ఏ పిల్లవానికైనను వారము దినములలో వచ్చును. రెండవది ఎవరైనను నేర్పిననే గాని రాదు.

ఈ రెండవ దానికి మూలమైన 'అల్గారిదమ్' అను మాట ఎక్కడిదో మన విద్యార్థులు తెలిసికొనవలెను. 9వ శతాబ్దమున బాగ్దాదు నగరమున ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ అను గణిత పండితుడు ఉండెను. భారతదేశపు అంకెలతో లెక్కలు చేయు విధానమును ఆయన అరబ్బీలో గ్రంథముగా వ్రాసినాడు. ఆ గ్రంథము లాటిను భాషలోనికి మారినప్పుడు ఆయన పేరు 'అల్గోరిత్మి' అయినది. ఆ పేరే కాలక్రమమున లెక్క చేయు పద్ధతికి పేరైనది. మన అంకెలు బాగ్దాదు వెళ్ళినవి, అచటినుండి ఐరోపా వెళ్ళినవి, తిరిగి కంప్యూటరు రూపమున మన బడికి వచ్చినవి. ఇది పరాయి విద్య అను జంకు మన పిల్లలకు గాని, ఉపాధ్యాయులకు గాని అక్కరలేదు.

2020 జాతీయ విద్యా విధానము మాధ్యమిక దశలో, అనగా 6వ తరగతి మొదలు 8వ తరగతి వరకు, కోడింగు ప్రవేశపెట్టవలెనని చెప్పినది. ప్రతి ఉపాధ్యాయునకు ఏటా కనీసము 50 గంటల వృత్తి వికాస శిక్షణకు అవకాశము ఉండవలెననియు అదే విధానము చెప్పినది. మొదటి వాక్యమును అందరును ఉటంకించుచున్నారు. రెండవ వాక్యము లేనిదే మొదటిది నిలువదని మా అభిప్రాయము. అట్లు తలచుటకు కారణము ఒక చిన్న అనుభవము.

మేము చేసిన పొరపాటు

గత సంవత్సరము మిరపకోతల కాలమున జాతీయ సేవా పథకపు శిబిరము నిమిత్తము మేము మన విద్యార్థులతో పల్నాటిలోని ఒక గ్రామమునకు వెళ్ళితిమి. కల్లములలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, దారి పొడవునను టిక్కీలు నింపుకొను లారీలు. కర్నూలు జిల్లా పడమటి మండలములనుండి కోతలకు వచ్చిన కూలివారి గుడారములు ఊరి వెలుపల ఉన్నవి. వారి పిల్లలు కొందరు ఆ నెలలలో అదే గ్రామపు ప్రాథమికోన్నత పాఠశాలకు వచ్చి కూర్చుండుచున్నారు. కొందరు అదియు లేదు; చెల్లెలిని ఎత్తుకొని చేను గట్టున కూర్చుండుచున్నారు.

మొదటి దినమున మేము ఒక ల్యాప్‌టాపును బల్లపై పెట్టి పాఠము మొదలిడితిమి. నలువది మంది పిల్లలు మూగినారు. ముందున్న నలుగురైదుగురికి తెర కనిపించినది. మిగిలినవారికి ముందున్నవారి వీపులు కనిపించినవి. మా విద్యార్థి నోట సగము మాటలు ఆంగ్లములో వచ్చినవి. అరగంటకు కరెంటు పోయినది. మరి కొంతసేపటికి బ్యాటరీ కూడ దిగిపోయినది. అన్నిటికంటె పెద్ద తప్పు మేము అప్పుడు గమనింపలేదు. ఆ తరగతి ఉపాధ్యాయిని ఆ గంట అంతయు తన తరగతి గదిలోనే గోడకు ఆనుకొని అతిథివలె నిలుచుండినారు.

సాయంత్రము ఆమెతో మాటాడినప్పుడు అసలు విషయము తెలిసినది. "ఇరవై రెండేళ్ళ సర్వీసండీ నాది. పిల్లల ముందు తప్పు మీట నొక్కితే ఏమవుతుందో అని చేతులు వణుకుతాయి. శిక్షణకు పిలిచారు, రెండు రోజులు తెర మీద చూపించారు, సంతకం పెట్టించుకుని పంపించారు. ఆ తరవాత సందేహమొస్తే అడగడానికి మనిషి లేడు. చెడగొడితే జవాబు ఎవరు చెప్పాలండీ? అందుకే ఆ గది తెరవడం మానేశాం" అని ఆమె అనినారు. ఆమె మాటలో సోమరితనము లేదు. ఇరువది రెండు సంవత్సరములు పిల్లల ముందు సంపాదించుకొన్న గౌరవము ఒక్క మీటతో పోవునేమో అను భయము ఉన్నది. ఆ భయమునకు మందు మరియొక యంత్రము కాదు.

కల్లములోని పాఠము

రెండవ దినమున మేము ల్యాప్‌టాపును సంచిలోనే ఉంచితిమి. పాఠమును ముందుగానే టీచరు గారికి వివరించి, తరగతి ఆమెనే నడుపుమని కోరితిమి. ఆవరణలో ఎనిమిది మంది పిల్లలను వరుసగా నిలువబెట్టి, పొట్టివారు ఎడమ కొసకు, పొడుగువారు కుడి కొసకు వచ్చునట్లు సర్దవలెను. నియమము ఒక్కటే: ఒకసారికి ప్రక్కప్రక్కనున్న ఇద్దరిని మాత్రమే పోల్చవలెను, ఎడమనున్నవాడు పొడుగైనచో ఇద్దరును స్థలములు మార్చుకొనవలెను. ఒక చుట్టు పూర్తియగునప్పటికి 7 పోలికలు జరిగినవి. అందరికంటె పొడుగైన బాలుడు కుడి కొసకు చేరినాడు. రెండవ చుట్టునకు 6, తరువాత 5, ఇట్లు చివరకు 1. మొత్తము 28 పోలికలు. పిల్లలు నల్లబల్లపై కూడిక చేసినారు.

అప్పుడు గోడప్రక్క కూర్చున్న కూలివారి పిల్లవాడొకడు లేచి, "అట్లా కాదు టీచర్. కల్లంలో మా అమ్మోళ్ళు ఒక్కో కాయను పక్కదాంతో పోల్చరు. ముందు తాలు ఒక కుప్ప, మంచివి ఒక కుప్ప పోస్తారు" అనినాడు.

మా విద్యార్థులు ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. టీచరు గారు మాత్రము తడుముకొనలేదు. "అయితే మనమూ కుప్పలు పోద్దాం" అని గోడపై సుద్దముక్కతో ఒక గీత గీచినారు. ఒక్కొక్కరు గీత వద్ద నిలిచి కొలుచుకొనవలెను. గీతకు దిగువనున్నవారు ఒక ప్రక్క, ఎగువనున్నవారు ఒక ప్రక్క. గీతతో 8 పోలికలు. నలుగురు ఇటు, నలుగురు అటు అయినారు. నలుగురిని సర్దుటకు 3, 2, 1 వెరసి 6 పోలికలు. రెండు గుంపులకు 12. మొత్తము 20. ఇరువది ఎనిమిది ఇరువది అయినది.

వెంటనే ఒక బాలిక, "గీత మరీ కింద గీస్తేనో?" అని అడిగినది. గీచి చూచినారు. ఇద్దరు ఒక ప్రక్క, ఆరుగురు ఒక ప్రక్క అయినారు. గీతతో 8, ఇద్దరికి 1, ఆరుగురికి 15, వెరసి 24. గీత నడుమకు వచ్చినకొలది శ్రమ తగ్గునని పిల్లలే చెప్పినారు.

శిబిరమునుండి తిరిగివచ్చి మా కళాశాల కంప్యూటరు అధ్యాపకులకు ఈ సంగతి చెప్పగా వారు నవ్వి, 'క్విక్‌సార్ట్' అను ప్రసిద్ధ పద్ధతికి ఇదియే మూలమనిరి. టోనీ హోర్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు దానిని 1961లో ప్రకటించినాడట. గీతను ఎచ్చట గీయవలెనన్న ఆ బాలిక ప్రశ్నయే నేటికిని ఆ పద్ధతిలో ముఖ్యమైన ప్రశ్నయట. ఆ పద్ధతి పేరు టీచరు గారికి తెలియదు, మాకును తెలియదు. పాఠము మాత్రము ఆగలేదు. తనకు రాదని ముందునాడు చెప్పిన విద్యనే ఆమె మరునాడు బోధించినారు.

మరి మూడు పాఠములు

యంత్రము లేకుండ కంప్యూటరు శాస్త్రమును బోధించు మార్గము మేము కనుగొన్నది కాదు. న్యూజిలాండులోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయమునకు చెందిన టిమ్ బెల్, ఆయన సహచరులైన మైక్ ఫెలోస్, ఇయన్ విటెన్ గారలు 1990 దశకమున ఇట్టి ఆటలను కూర్చి ప్రపంచమునకు ఇచ్చినారు. మన దేశమున ఏ.సి.ఎం. ఇండియా సంస్థ 2016లో 'సి.ఎస్. పాఠశాల' అను కార్యక్రమమును ఆరంభించి ఈ మార్గమునకు తోడ్పడుచున్నది. మన నేలకు తగినట్లు మలచుకొనదగిన పాఠములు మూడు ఇచ్చట వివరించెదము.

మొదటిది వెతుకుట. కోల్డుస్టోరేజీలో మిరప దాచిన రైతునకు ఒక చీటీ ఇత్తురు. 15 చీటీలపై 15 వేర్వేరు సంఖ్యలు వ్రాసి, చిన్నదానినుండి పెద్దదానికి వరుసగా బల్లపై బోర్లింపవలెను. అడిగిన సంఖ్యను కనుగొనుటకు పిల్లవాడు మొదటినుండి తెరచుచు పోయినచో 15 చీటీలును తెరువవలసి రావచ్చును. నడుమ చీటీని తెరచి, కావలసినది అంతకంటె చిన్నదైన ఎడమ సగమును, పెద్దదైన కుడి సగమును మాత్రమే చూచినచో 4 చీటీలు మించవు. 31 చీటీలకు 5, 63కు 6, 1023కు 10 చాలును. అయితే చీటీలు ముందుగా వరుసలో ఉండవలెను. వరుస పెట్టుట ఎందుకు నేర్వవలెనో పిల్లవానికి ఇచ్చట తెలియును.

రెండవది రెండంకెల లెక్క. అయిదు అట్టముక్కలపై 16, 8, 4, 2, 1 చుక్కలు పెట్టి, అయిదుగురు పిల్లల చేతికి ఆ వరుసలో ఇవ్వవలెను. చుక్కలు కనిపించిన 1, అట్ట త్రిప్పిన 0. 21 కావలెనన్నచో 16, 4, 1 కనిపించవలెను, అనగా 10101. ఈ అయిదు అట్టలతో 0 మొదలు 31 వరకు ఏ సంఖ్యనైనను చూపవచ్చును. చీరాల ప్రాంతమున జకార్డు మగ్గము చూచిన బిడ్డకు ఇది మరింత సులభము. అట్టలో రంధ్రమున్నచో ఒక పోగు లేచును, లేనిచో లేవదు. చీర అంచుపై పువ్వు ఆ ఉండుట, లేకుండుటలనుండియే పుట్టుచున్నది.

మూడవది ఆజ్ఞల వరుస. ఒక పిల్లవాడు యంత్రమగును; మిగిలినవారు వానిని బడి గుమ్మమునుండి వేపచెట్టు వరకు మాటలతో నడిపింపవలెను. 'అడుగు వేయి', 'కుడికి తిరుగు', 'ఎడమకు తిరుగు' అను మూడు ఆజ్ఞలు తప్ప వానికి మరేమియు తెలియదు. చెప్పినది చెప్పినట్లే చేయును; చెప్పనిది చేయడు. గోడకు తగిలినచో తప్పు యంత్రముది కాదు, ఆజ్ఞలు వ్రాసినవారిది. ఆ తప్పు ఏ మెట్టున జరిగినదో వెతికి దిద్దుట ఈ పాఠములో ప్రధాన భాగము. కృత్రిమ మేధ అను మాట నిత్యము చెవిని పడుచున్న ఈ కాలమున, యంత్రము వెనుక మనుష్యుడు వ్రాసిన నియమము ఉండునని పసితనముననే తెలియుట అవసరము.

ఈ మూడవ పాఠమున భాష ముఖ్యమైనది. కంప్యూటరు ప్రోగ్రాములలో షరతు వాక్యము అడుగడుగునను వచ్చును. మన పిల్లలకు అది నోటిలోనే ఉన్నది. "గుంత ఉంటే పక్కకు తిరుగు, లేకపోతే ముందుకు నడువు" అని తెలుగు బిడ్డ అనును. ఉర్దూ మాటాడు బిడ్డ 'అగర్' అని మొదలిడి, 'తో' అని సాగించి, 'వర్నా' అని ముగించును. తల్లి నేర్పిన ఈ వాక్యమునుండి మొదలిడినచో తరువాత ఆంగ్లపు మాటలు రెండు మూడు నేర్చుట కష్టము కాదు. కంప్యూటరు, ప్రోగ్రాము వంటి పేర్లకు కొత్త మాటలు కల్పింపనక్కరలేదు; ఆలోచన మాత్రము తమ భాషలో నడువవలెను.

ఈ ఆటలే చాలునా, యంత్రము అక్కరలేదా అని అడుగవచ్చును. యంత్రము తప్పక కావలెను. పాఠపుస్తకములు రచించినవారు, 1967లో వెలువడిన లోగో మొదలు 2007లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థనుండి వెలువడిన స్క్రాచ్ వరకు పిల్లల కొరకే భాషలను నిర్మించినవారు, యంత్రముపై చేసి చూచుటనే కోరినారు. కాని ఆవరణలో ఆడి వచ్చిన పిల్లవానికి యంత్రము ముందు ఇరువది నిమిషములు చాలును. నలువది మందికి అయిదు కంప్యూటర్లున్న బడిలో వంతులు సాగును. తెలుగు చదువుట, లెక్కలు రానిదే కంప్యూటరు ఎందులకని మరికొందరు అందురు. ఆ ఆందోళన న్యాయమైనదే. అయితే పైన చెప్పిన పాఠములలో పిల్లలు చేసినది కూడికయు, పోలికయు, స్పష్టముగ మాటాడుటయు. ఈ విద్య ఆ విద్యలకు పోటీ కాదు, అభ్యాసము.

ఇతరుల అనుభవము

ఇంగ్లండులో 2012లో రాయల్ సొసైటీ ఒక నివేదిక వెలువరించి, బడులలో కంప్యూటరు వాడుకయే నేర్పుచున్నారు గాని శాస్త్రము నేర్పుట లేదని విమర్శించినది. 2014 సెప్టెంబరునుండి అయిదేండ్ల వయస్సు మొదలుకొని పిల్లలకు కంప్యూటింగు పాఠ్యాంశము వచ్చినది. మూడేండ్ల తరువాత అదే సంస్థ మరల పరిశీలింపగా, పాఠ్యప్రణాళిక మారినది గాని పలువురు ఉపాధ్యాయులకు ధైర్యము చాలలేదని తేలినది. అప్పుడు ప్రభుత్వము 8 కోట్ల 40 లక్షల పౌండ్లు కేటాయించి, 8000 మంది ఉపాధ్యాయులకు శిక్షణ లక్ష్యముగా 2018లో ఒక జాతీయ కేంద్రమును నెలకొల్పినది. ధనిక దేశము కూడ ఉపాధ్యాయుని తరువాత తలచుకొని, తిరిగి మొదటికి రావలసివచ్చినది.

కేరళ మార్గము వేరు. 2001లో 'ఐ.టి. ఎట్ స్కూల్' అను పేర మొదలిడిన కార్యక్రమమున అచటివారు బయటి బోధకులపై ఆధారపడక, బడిలో లెక్కలు, మలయాళము చెప్పు ఉపాధ్యాయులకే నేర్పినారు. వారిలో నేర్పరులైనవారిని ఎన్నుకొని తోటివారికి శిక్షకులుగా చేసినారు. ప్రతి బడిలో ఒక ఉపాధ్యాయునకు ఆ బాధ్యత అప్పగించినారు. స్వేచ్ఛా సాఫ్టువేరును స్వీకరించి తమ భాషలో వాడుకొన్నారు. సందేహము కలిగిన ఉపాధ్యాయునకు అడుగుటకు మనిషి దొరికినాడు.

ఇట్టిది మనకు తెలియనిది కాదు. 1984లో ప్రయోగముగా మొదలై, 1989 తరువాత రాష్ట్రమంతట విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకమును పెద్దలు ఎరుగుదురు. బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో నడచిన ఆ పథకములో ఉపాధ్యాయ కేంద్రములు ఏర్పడినవి. సమీప బడుల ఉపాధ్యాయులు ఏటా పలుమార్లు అచ్చట కూడి, తాము చేసిన కృత్యములను చూపుకొని, తరువాతి పాఠములు సిద్ధము చేసికొనుచుండిరి. చేసి నేర్చుకొనుట, పరిసరములను వాడుకొనుట, పిల్లల భేదములను గమనించుట, వారి పనిని గోడలపై ప్రదర్శించుట ఆ పథకపు సూత్రములు. పల్నాటి టీచరు గారు తాలు కుప్పనుండి పాఠము తీసినప్పుడు పాటించినవి ఈ సూత్రములే. పాత చెట్టుకే కొత్త అంటు కట్టవచ్చును.

మన కళాశాల చేయదగినది

కళాశాల కమిటీవారికి మా మనవి ఇది. మన కంప్యూటరు గది నెలలో ఒక శనివారము, విద్యాసంవత్సరమున పది శనివారములు, చుట్టునున్న ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలల ఉపాధ్యాయుల కొరకు తెరచి ఉంచవలెను. శనివారమునకు అయిదు గంటల చొప్పున పది శనివారములకు 50 గంటలు. జాతీయ విధానము చెప్పిన లెక్క సరిపోవును. ఆ దినము ఉపాధ్యాయులకు విధిగానే పరిగణింపబడునట్లు మండల విద్యాశాఖాధికారులతో ముందుగ మాటాడవలెను. వారి సెలవు దినమును కాజేసి శిక్షణ అనుట ధర్మము కాదు.

ప్రతి సమావేశమున మొదటి గంట, గత నెలలో తరగతిలో ఏమి జరిగినదో ఉపాధ్యాయులే చెప్పుటకు ఉంచవలెను. చెడిపోయిన పాఠమును కూడ సిగ్గుపడక చెప్పుకొనగల చోటు కావలెను. మా మొదటి దినపు పాఠమును మేమే మొదట చెప్పుదుము. తరువాత ఒక ఆవరణ పాఠము, ఒక యంత్ర పాఠము. మిగిలిన సమయము ఎవరికి వారు మీటలు నొక్కి, తప్పుచేసి, దిద్దుకొనుటకు. పిల్లలు చూడనిచోట తప్పు చేయుటకు అవకాశము పెద్దలకును కావలెను. హాజరు పట్టీ తప్ప తనిఖీ ఉండరాదు. స్త్రీలకు బస్సు వేళలు చూచి సాయంత్రము తొందరగా ముగింపవలెను.

పాఠముల పత్రములను తెలుగు, ఉర్దూ భాషలు రెండింటను సిద్ధము చేయు పని మా రెండు శాఖలు తీసికొనగలవు. పాఠమునకు నాలుగు పుటలు మించరాదు. 2022లో ఉర్దూకు మన రాష్ట్రమున రెండవ అధికార భాషా ప్రతిపత్తి లభించినది. ఆ గౌరవము ఉర్దూ మాధ్యమపు చిన్న తరగతి పిల్లవాని చేతిలోని కాగితము వరకు రావలెను. ఖర్చు బస్సు చార్జీలు, టీ, కాగితములు మాత్రమే.

విద్యార్థులారా, మీకు ఒక్క మాట. మీరు ఆ శనివారములలో సహాయకులుగా రండు. చెడిన యంత్రము బాగుచేయుడు, తీగలు కలుపుడు, సందేహమునకు ఫోనులో జవాబు చెప్పుడు. ఉపాధ్యాయుని తోసి ఆయన స్థానమున నిలువకుడు. వారము దినముల శిబిరము ముగించుకొని మనము వచ్చివేయుదుము. ఆ పిల్లల ముందు ఏడాది పొడవునను నిలుచునది వారే. కోతలు ముగిసి కర్నూలు వెళ్ళిపోయిన ఆ పిల్లవాని వంటివారు మరల జనవరికి వత్తురు. ఏ బడిలో కూర్చున్నను వానిని పలుకరించి, వాని కుప్పల లెక్కను నల్లబల్లపైకి తేగల ఉపాధ్యాయుడు ఆ బడిలో ఉండవలెను.

శిబిరము చివరి దినమున టీచరు గారు మమ్ము బడి గేటు వరకు సాగనంపి, "మళ్ళీ ఎప్పుడొస్తారండీ?" అని అడిగినారు. మేము నిర్దిష్టముగ జవాబు చెప్పలేకపోతిమి. కమిటీవారు అనుమతించినచో, రానున్న విద్యాసంవత్సరపు మొదటి శనివారపు తేదీని ఆమెకు జవాబుగా పంపెదము.